పదిహేడో పేజీ

చిరంజీవి తమ్ముడికి, కోపంతోనే అయినా అక్క దీవెనలు.

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వూ, మరదలూ అలాగే ఉన్నారనుకుంటాను. అమ్మ కంటి ఆపరేషన్ గురించి అడిగావు. బాగా అయింది. మూలల్లో దుమ్ము ఇప్పుడు కనిపిస్తోందట, నల్లద్దాలు పెట్టుకుని ఇల్లంతా తనిఖీ చేస్తూ నా ప్రాణం తీస్తోంది. నేను గెలిచిన కప్పు ఫ్రిజ్ మీద పెట్టింది. నేను అటు చూడను.

నా మీద కోపమా అన్నావు. కోపమేరా. తొమ్మిదేళ్ళు నా గోల్ఫ్ బ్యాగు మోశావు. మోకాలి నొప్పి, ఏడాదిపాటు ఇంటిపట్టున ఉంటానంటే నమ్మి తైలం కూడా కొనిచ్చాను. మూడు వారాలు తిరక్కుండానే, నాతో పోటీపడే ఆ పొడుగమ్మాయి బ్యాగు నీ భుజాన చూశాను. అంతటితో ఆగావా? మన మైదానంలో గుంట ఉండే ఒక్కో గ్రీన్ మీద బంతి ఎటు తిరుగుతుందో నేను వంగి చూసి గీసుకున్న పుస్తకం, పేజీ పేజీ నకలు తీసి జేబులో పెట్టుకున్నావు. నిలదీస్తే, "నాకూ ఎదగాలనుంటుంది కదక్కా" అన్నావు. నాతో చెప్పి ఎదగలేకపోయావా?

ఇక నువ్వడిగిన ఆఖరి సంగతి. ఆ మైదానంలోనే జరిగిన ఏడాది చివరి పోటీలో, ఆ పొడుగమ్మాయీ నేనూ సమానంగా ఉండగా, పదిహేడో గ్రీన్ మీద నీ లెక్క ఎలా తప్పిందని. బంతి కుడికి తిరుగుతుందని పేజీలో బాణం ఉంది. నువ్వామెకి అలాగే చెప్పావు. అది ఎడమకి పోయింది. ఒక్క దెబ్బ తేడాతో నేను గెలిచాను. చూపు ఆననివాడు నాకొద్దని ఆమె నిన్ను తీసేసిందని రాశావు.

నీ చూపు బాగానే ఉంది. ఆ బాణం నేనే తప్పుగా గీశాను. ఇప్పుడు కాదు, తొమ్మిదేళ్ళ కిందట, పుస్తకం మొదలుపెట్టిన రోజున. ఎవరైనా ఎత్తుకుపోతే ఒక్కచోటైనా దెబ్బతినాలని. అది నీ కంటపడకూడదనే అక్కడికి రాగానే నిన్ను నీళ్ళకి పంపేదాన్ని. అక్కకి ఎప్పుడూ ఇక్కడే దాహమేమిటని నవ్వేవాడివి. ఆ పుస్తకం మనిద్దరం తప్ప ఎవరూ ముట్టలేదు. మరి నేను నీకు కాక ఎవరికి భయపడ్డట్టు? ఆ రోజు నువ్వు పేజీ తెరవడం చూసి కూడా, పోటీలో ఎదుటివాళ్ళకి సలహా చెప్పకూడదని ఆట నియమం ఉందిగా అని నోరు మూసుకున్నాను.

ఈ ఉత్తరం ఆ అమ్మాయికి చూపించు, నిన్ను మళ్ళీ పెట్టుకుంటుంది. నా కోపం మాత్రం పోలేదు. అమ్మకివేవీ తెలియవు. వాణ్ణి ఒకసారి రమ్మనవే, కప్పు మీ ఇద్దరిదీ కదా అంటోంది.

ఇట్లు,
పదిహేడో గ్రీన్ దగ్గర దాహమేసే
నీ అక్క