ఎల్లేశం మీసం

7 డిసెంబర్ 1998, సోమవారం
కొత్త బైపాప్ వచ్చింది. గొంతులో గొట్టం దించకుండా, మూతికి మాస్కు కట్టి గాలి పంపే మెషిన్. చందానగర్‌లో మా హాస్పిటల్‌కే ఉందని డాక్టర్ మధుసూదన్ ఒకటే మురిసిపోతున్నారు. తొలి పేషెంట్ ఎల్లేశం. బాలానగర్ ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు పొగ మింగాడు. మాస్కు కట్టగానే అలారం. గాలి లీకవుతోంది. బుర్ర మీసం, మాస్కు ఆనితేగా!

8 డిసెంబర్
మీసం తీసేద్దామన్నాను. అమ్మ బతికుండంగ ఎట్ల తీస్తరు సిస్టర్, అన్నాడు. తండ్రి పోయినప్పుడు తీశాడట. ఇప్పుడు తీస్తే తల్లి చావు కోరినట్టేనట. ఆ తల్లి భాగ్యమ్మ, ఎనభై దాటిన మనిషి, వరండాలో చాప మీదే ఉంది. ఆమెకు జెప్పకుండ్రి, అని ఒట్టు కూడా వేయించుకున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

9 డిసెంబర్, ఉదయం 11
అలారం నలభైసార్లు మోగింది. పట్టీ బిగిస్తే ముక్కు మీద పుండు, వదులు చేస్తే మోత. తల ప్రాణం తోకకొచ్చింది. మీసమేగా జ్యోత్స్నా, సౌండ్ తగ్గించెయ్, అన్నారు డాక్టర్. తగ్గించాను. హాయిగా ఉంది.

10 డిసెంబర్
ఇవాళ ఎన్నిసార్లు మోగిందో గుర్తులేదు.

11 డిసెంబర్, సాయంత్రం 4
మధ్యాహ్నం మోగింది. మీసమే అనుకుని పక్క బెడ్‌కు ఇంజెక్షన్ చేసి, చార్టు రాసి, అప్పుడు తిరిగి చూశాను. మెషిన్ దగ్గర ట్యూబ్ ఊడిపోయి ఉంది. పెదవులు నీలం. ఆక్సిజన్ సాచురేషన్ 71, తొంభై ఉండాల్సింది. ట్యూబ్ తగిలించాక మెల్లగా తేరుకున్నాడు. ఇంకోసారి ఇలా అయితే గొంతులో గొట్టమే, ఈ ఊపిరితిత్తులతో మళ్లీ అది తీయలేం, అన్నారు డాక్టర్.
తప్పు నాది. మీసం మీదికి నెట్టేస్తే నిద్ర పట్టదు.
ఒట్టు గట్టున పెట్టి వరండాలోకి వెళ్లి భాగ్యమ్మకు అంతా చెప్పేశాను. ట్యూబ్ సంగతి కూడా. అంతా విని, జరిగి చాప మీద నాకూ చోటిచ్చింది. తిట్టినా బాగుండేది.

12 డిసెంబర్, ఉదయం 9
భాగ్యమ్మ లోపలికి వచ్చి కొడుకు గడ్డం పట్టుకుంది. నేను సచ్చిననాడు తియ్యాల్సిన మీసం, నాకంటె ముందుగాల నువ్వే పోతె నాకోసం ఎవడు తీస్తడురా, అంది. ఎల్లేశం కళ్లు మూసుకున్నాడు. ఆమె గడ్డం వదల్లేదు, నేను మీసం గీశాను. నాకూ ఏడుపొచ్చింది.
మాస్కు అతుక్కుంది. అలారం సౌండ్ మళ్లీ ఫుల్లుగా పెట్టాను. ఇక ఎవరు తగ్గించమన్నా తగ్గించను.

13 డిసెంబర్
ఫౌండ్రీ వాళ్లు చూడ్డానికి వచ్చారు. తలుపు అద్దంలోంచి, మాస్కు వెనక మీసం లేని ఎల్లేశం మూతి చూసి, అయ్యో, అవ్వ ఎప్పుడు పాయె, అని ఏడుపు మొదలుపెట్టారు. వెనక నుంచి వచ్చిన భాగ్యమ్మే వాళ్లను ఓదార్చింది.