వన్నూరుకు మూడు దినాల మందు చాలన్నది నేనే

తమ్ముడు హనుమంతప్పకు నీ అక్క తిమ్మక్క దీవెనలు. ఈడ నేనూ, నీ బిడ్డ రేణుకా ఒంటితో బాగుండాము. ఆడ నువ్వూ, మరదలూ, పిల్లోళ్లూ, జీవాలూ బాగుండారని నమ్ముతాండా.

నీ అల్లుడు, నా కొడుకు వన్నూరు సంగతి చెప్పేదానికే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే "నా బిడ్డ గొంతు కోసినావు" అని అరిచి కట్ చేస్తావు. అందుకే పక్కింటి టీచరమ్మను కూచోబెట్టుకోని చెప్పి రాయిస్తాండా. కాగితాన్ని కట్ చేయలేవు గదప్పా. ఎవరితోనన్నా చదివించుకో. మధ్యలో లేసి పోవద్దు.

గుమ్మఘట్ట ఇడిచి ఈ అనంతపురం వచ్చి రెండేండ్లాయ. నేను మెస్సులో జొన్నరొట్టెలు తట్టేదీ, వన్నూరు ఆటో తోలేదీ నీకు తెలిసిందే. ఇప్పుడు తొమ్మిది దినాల నుంచి నా ఇల్లు ఆసుపత్రి వరండానే. మబ్బు పడతాది, గాలి ఎత్తుకపోతాది, చినుకు లేదు. మన చేన్లో శనక్కాయ నిలబడిందా? ఇడ్లీ తిని తిని నాలిక చచ్చిపోయింది. ఇంతమంది మనుషులుండారు గానీ నాతో కొట్లాడేదానికి ఒక్కరు లేరు. అదొక బెంగ నాకు.

వన్నూరు మోటారు సైకిల్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి తెలివిలో లేడు. నోట్లో గొట్టమేసి గాలి మిషనుకు తగిలించినారు. అదే ఊపిరి పోస్తాంది. మూడో దినం డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది.

"అవ్వా, మిషను మీద ఉన్నవాళ్లు దగ్గలేరు. అందుకే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరే భయముంటుంది. అది రాకముందే ఒక మందును ఆవిరిలాగా గొట్టంలోంచి పంపుతాం. మూడు రోజులే. భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు" అనింది.

"జబ్బే రాలేదు గదమ్మా, మందెందుకు?" అన్యాను గానీ, వానలకు ముందే జీవాలకు చిటుక రోగం సూది ఏపించేది మనమే గదా అని తోచింది. రేణుక పెన్ను పట్టుకోని "నువ్వు చెప్పత్తా" అనింది. "పెట్టు సంతకం" అన్యా. పక్కన నా వేలిముద్ర కూడా ఏసినా.

మూడు దినాలు మందు పంపినారు. నాలుగో దినం ఆపేసినారు. ఆడ నేను తప్పు చేసినా, దాచను. మన ఊర్లో సూదులేసే ఆయన సూది ఆపినాడంటే "ఇంక ఇంటికి తీసుకపోండి" అని గదా అర్థం. నేనూ అట్లే అనుకున్యా. వరండా అదిరేటట్ల అరిచినా.

"ఏమ్మా, నా కొడుకు మీద ఆశ ఇడిచినావా? ఆటో తోలేవాడని మందు దాచిపెట్టినావా?"

ఆమె నన్ను బల్ల మీద కూచోబెట్టి, తనూ పక్కన కూచునింది. "ఆశ ఉంది కాబట్టే ఆపాను అవ్వా. రోజూ ఇస్తూ ఉంటే లోపలి క్రిములు ఆ మందుకు మొండికేస్తాయి. రేపు నిజంగా నిమ్ము వస్తే ఏ మందుతో చంపాలి?"

అప్పుడు నువ్వు గుర్తొచ్చినావురా. నెలనెలా నట్టల మందు తాపినావు చూడు, బాగున్న గొర్రెలకు కూడా? "పోయేదేముంది అక్కా, మంచిదే గదా" అంటివి. మూడో యేడుకు మందు తాపినా కడుపులో పురుగు చావలే. దవడ కింద నీళ్లు దిగి, నిలబడిన చోటే కూలిపోయ జీవాలు. పశువుల డాక్టరు "మందును మీరే పాడు చేసుకున్యారు" అంటే ఆయన మీదికి కట్టె ఎత్తినావు. నీ చేయి పట్టుకున్యది నేనే. మంద పోయినా మళ్లా కట్టుకున్యాము. వన్నూరును యాడ నుంచి తెచ్చుకుంటాం? "అయితే ఆ మూడు దినాల మందు చాలమ్మా" అన్యా డాక్టరమ్మతో.

మందు ఆపినారని తెలిసి నువ్వు బస్సులో పంపిన మాత్రలు వచ్చినాయి. పాలల్లో కలిపి, వానికి తిండి పోసే ముక్కు గొట్టంలో పోయమన్యావంట. రేణుక పాపం భయానికి పొడి కూడా చేసింది. ఆ పొడి గుంజుకోని డాక్టరమ్మ చేతిలో పెట్టినా. ఆమె తిట్టలే. "ఇంతకుముందు ఏమైనా పోశారా?" అని మూడుసార్లు అడిగింది. "నా కోడలి మీద ఒట్టు, లేదు" అన్యా.

ఇప్పుడు చెప్పేది నిలబడి వినొద్దు, కూచోని విను. ఈ పొద్దు తెల్లారేసరికి వన్నూరుకు జ్వరమొచ్చింది. గొట్టంలో తెమడ చిక్కగా, పచ్చగా వస్తాంది. పరీక్షకు పంపినారు. నిమ్మే అయ్యుంటాదని వేరే మందు మొదలుపెట్టినారు.

"చూసినావా, ఆపినందుకే వచ్చె" అంటావు. అను. నన్ను నేనే పొద్దున్నుంచి అడుక్కుంటాండా. ఆపకుంటే వచ్చేది కాదేమో? నాకు తెలీదు. డాక్టరమ్మను అడిగితే ఆమెకూ తెలీదంట. తెలీదని నా మొగం చూసి చెప్పింది. అందుకే ఆమెను నమ్ముతాండా. పోసేదానికి పనిచేసే మందు ఇంకా ఉండాదని కూడా ఆమే చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకోని కూచున్యా. వాడు నీకు అల్లుడు, నాకు కడుపున పుట్టినోడు. నాకేమన్నా నీకంటే భయం తక్కువనా?

పెదనాయనకు నా దండాలు చెప్పు. కండ్లు కనపడకపోయినా పర్వాలేదు, వన్నూరు పేరు చెప్పి చేయెత్తి దీవించమను. మరదలి మీద కోప్పడొద్దు, బిడ్డ గురించి ఆమె భయం ఆమెది.

మందను మరదలికి అప్పజెప్పి రేపటి బస్సుకు వచ్చేయ్. రేణుకకు కప్పుకునేదానికి కంబడి, నాకు ఇంత రాగిపిండి తే. మాత్రలు తేవద్దు. నీ బిడ్డ నా ముందర ఏడవకుండా బిగబట్టుకోని ఉండాది. నువ్వొస్తే ఏడుస్తాది, ఏడవనీ. నాతో కొట్లాడాలంటే వరండాలో కొట్లాడు, నేనేం తగ్గను. వన్నూరు దగ్గరికి పోయేముందు మాత్రం మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కో. నువ్వు గొర్రెల్లో నుంచి వచ్చేవాడివి. కడుక్కున్యావో లేదో తలుపు దగ్గర నిలబడి నేనే చూస్తా.

ఇట్లు,
నీ అక్క తిమ్మక్క, వేలిముద్ర