అమ్మ కుట్టిన రెండు వైపుల పటం

మార్చి 4, 1974. సోమవారం
అమ్మ పోయి మూడు వారాలు. ఇవాళ ఎడ్నా, నేను కలిసి అమ్మ ఇల్లు ఖాళీ చేశాం. అన్నీ సవ్యంగానే పంచుకున్నాం, చలి కాచుకునే పొయ్యి పైన గోడకున్న కుట్టుపని పటం తప్ప. నువ్వే తీసుకో అక్కా, నాకేం పట్టింపు లేదు అంది ఎడ్నా. అబ్బే, నువ్వే ఉంచుకోవే అన్నాను. మూడుసార్లు అటూ ఇటూ అయింది. చివరికి చర్చి వాళ్ల పాత సామాన్ల సేల్‌కి వెళ్లే పెట్టెలో పడింది. టీ తాగి, వాన గురించి మాట్లాడుకుని, ఎవరింటికి వాళ్లం వెళ్లాం.

నాకు ఆ పటం కావాలి. నోరేమైంది నాకు?

మార్చి 6
ఆ చట్రంలో రెండు వైపులా అమ్మ సామెతలు కుట్టింది. ఒకటి ఆగమంటుంది, రెండోది కదలమంటుంది. మాలో ఎవరికి ఏది అవసరమో మొహం చూసి, ఆ వైపు తిప్పి పెట్టేది. నోటితో ఒక్క మాట అనేది కాదు. పదిహేడేళ్ల ఎడ్నా లారీ డ్రైవర్ని పెళ్లాడతానన్న రోజున ఆగమన్న వైపు. నాకైతే ఎప్పుడూ కదలమన్నదే. లీడ్స్‌లో నర్సు ట్రైనింగ్‌కి అర్జీ పెట్టాలా వద్దా అని నేను మూడు నెలలు నాన్చుతుంటే, రోజూ అదే కనిపించేది.

పెట్టాను. ముప్పై ఏళ్లయింది ఆ ఉద్యోగంలో.

మార్చి 9, శనివారం
సేల్ పదింటికి. తొమ్మిదిన్నరకే వెళ్లాను. గుడ్డల బల్ల దగ్గర లైను, నా ముందు అమ్మను ఎరిగిన మిసెస్ మెట్‌కాఫ్ ఒక్కతే. పటం ఎదురుగానే ఉంది. చెయ్యి చాపితే అందేది. కానీ వంతు ఆవిడది. తీసుకుంది. ఎంత బావుందో కదూ, అచ్చం మీ అమ్మగారి పనితనమే అంది నాతో. చాలా బావుందండీ అన్నాను. సంచీలో పెట్టడానికి సాయం కూడా చేశాను!

ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే కూర్చుని ఏడ్చాను.

మార్చి 10
ఎడ్నాకి చెప్పలేదు. వాన.

మార్చి 12
ఫోన్ చేసి చెప్పేశాను. ఎడ్నా విరుచుకుపడింది. నాకూ కావాలక్కా, నీకు కావాలేమోననే ఊరుకున్నా, ఎవరు చెయ్యమన్నారు నిన్నీ మర్యాదలు అంది. నిన్నెవరు చెయ్యమన్నారే అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

రేపే వెళ్లి మెట్‌కాఫ్ గారి తలుపు కొడతానంది. ఆవిడేమనుకుంటుందో అన్నాను. అనుకోనీ అంది. నేనూ వస్తానన్నాను.

మార్చి 13
మెట్‌కాఫ్ గారు తలుపు తీయగానే, ఎడ్నా నోరు తెరవకముందే నేనే అడిగాను. అయ్యో, ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా అని పటం తెచ్చి చేతిలో పెట్టింది.

వీధిలోకి రాగానే, నువ్వే తీసుకో అనబోయి నాలుక కరుచుకున్నాను. నాకు కావాలే అన్నాను. నాకూ అంది. ఆరు నెలలు నా ఇంట్లో, ఆరు నెలలు తన ఇంట్లో. మొదటి వంతు నాది.

సెప్టెంబరు 13
వంతు మారే రోజు కదా అని పొద్దున్నే పటం దింపి, కాగితంలో చుట్టి ఉంచాను. ఎడ్నా వచ్చింది. అమ్మలాగే నా మొహం చూసింది. కాగితం విప్పి, మళ్లీ అదే మేకుకు తగిలించింది.

ఆగమన్న వైపు. నాకోసం, మొదటిసారి.