బండ కింద పడిన నీళ్ళు

నాయనా,

బావిలో నీళ్ళు పడినాయి. నువ్వు కన్నుమూసే దాకా తవ్విన బండ కిందనే! ఈసారి కొర్ర మానేసి వరి పెడతాండా.

కాలువ కింద వరి పండించే ప్రొద్దుటూరోళ్ళు మన పులివెందల రాళ్ళనేలకు పిల్లనియ్యరని కదా నీ దిగులు. నిన్న వాళ్ళే తమ్మునికి సంబంధం తెచ్చినారు. పిల్లోని కంటే ముందు బావిలోకి తొంగిచూసినారు.

కాళ్ళు కడుక్కోను నిండు బకెట్టు ఇచ్చినా. పిల్ల నాయన ధారగా పోసుకుంటాంటే, అమ్మ ఎప్పటిమాదిరే సొరపాదుకని కింద తొట్టి పెట్టింది.

"అదేంది వదినా?" అన్నాడాయన.

"ఏంలేదన్నా, ఇంకో బకెట్టు పోసుకో," అనింది అమ్మ.

తొట్టి మాత్రం తియ్యలే.