కుట్లు లేని పడవ

అహ్మదాబాద్, మంగళవారం, కార్తీక పౌర్ణమి మర్నాడు.

పొడి చలి, మబ్బు లేదు. పొద్దున్న రంపాలకు పదును పెట్టాను.

చిరంజీవి తమ్ముడు నూకరాజుకు అన్న దీవెనలు. నేను బాగానే ఉన్నాను. అమ్మ దగ్గు తగ్గిందో లేదో రాయించు. ఇక్కడ పప్పులో బెల్లం వేస్తారు. తింటున్నాను, దిగులు పడవద్దని అమ్మకు చెప్పు. ఇటు వచ్చేవాళ్లుంటే ఎండు నెత్తళ్ల చేపలు పంపు.

ఈ ఉత్తరం మరదలిచేత మొత్తం చదివించుకో. పడవ నీళ్లలోకి దించకముందే.

నేను వడ్రంగం చేసే ఈ డిజైను కాలేజీలో జర్మనీలోని ఒక పాత బడి మాటే చెల్లుతుంది. ఆ బడి ఎప్పుడో మూతపడిందట. పనికిరానిదేదీ వస్తువు మీద ఉండకూడదని దాని మాట. నాకూ నచ్చింది. ఇక్కడి కుర్చీల మీద పువ్వులూ లతలూ ఉండవు.

వానాకాలంలో మన ఊరి పడవ బొమ్మ ఒకటి మూరెడు పొడవున చేశాను. మన పడవల చెక్కలు మేకు లేకుండా పీచుతాడుతో కుడతాం కదా, అంత చిన్న చెక్కలకు ఆ కుట్టు బిగియదు. బంకతో అతికించి, పైన దారంతో కుట్లు వేశాను. వైజాగ్ నుంచి వచ్చి చదువుకుంటున్న శైలజ అనే అమ్మాయి దాన్ని తిప్పి చూసింది.

"అన్నా, ఈ దారం తీసేస్తే ఊడిపోతుందా?"

"ఊడదమ్మా. అందానికి ఏసినాను."

"దొరికిపోయావు! అందానికైతే మా మాస్టారు ఊరుకోరు" అని నవ్వింది.

నేనూ నవ్వాను. బొమ్మ సంగతి చెప్పాను గాని అసలు పడవను పట్టి ఉంచేది కుట్టేనని చెప్పలేదు. వారం తర్వాత ఆ అమ్మాయి గీసి గోడ మీద పెట్టిన పడవ పటంలో కుట్లు లేవు. మాస్టారు అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆ పటం ప్రకారం పెద్ద పడవ నా చేతులతోనే చేశాను. మేకులు, బంక, నున్నటి చెక్క. చాలా బాగుంది. పరీక్షకని దాన్నే మన ఊరికి పంపుతున్నారు.

మన ఒడ్డున కెరటం గుద్దితే కుట్టు పడవ కాస్త సాగి మళ్లీ సర్దుకుంటుంది. ఇది సాగదు. నిన్న ఇసక బస్తాలు వేసి ఒక కొస ఎత్తి వదిలాను. అడుగున చిటుక్కుమంది. తడిమి చూస్తే పగులు దొరకలేదు. అప్పుడు మాస్టారికి అంతా చెప్పాను. "లారీ మాట్లాడేశాం కదా, ఒడ్డున చూద్దాం" అన్నాడు.

మొన్న ఫోన్లో నువ్వేమన్నావు? "అన్నోయ్, ఊరంతా సూత్తండగా ముందు నేనే ఎక్కుతాను. కుర్రోలందరూ కుల్లుకు సావాల!" వద్దు తమ్ముడూ. నిన్నటి నుంచి మందస ఫోను బూతుకు లైను కలవడం లేదు. అందుకే ఈ ఉత్తరం లారీతోనే పంపుతున్నాను. పడవ దిగితే అందరూ దాని చుట్టూనే చేరతారు, డ్రైవరు జేబులో కాగితం ఎవరికీ గుర్తుండదు. పడవ ముక్కుకే కవరు కడతాను.

అమ్మకు నమస్కారాలు. పెద్దలందరినీ అడిగానని చెప్పు. నా పేరు పోతే పోనీ, నువ్వు ఒడ్డునే ఉండు.

ఇట్లు, నీ అన్న అప్పన్న.

లారీవాడు హారను కొడుతున్నాడు. కవరు కట్టడానికి పీచుతాడు ఇప్పుడే పేనాను.