మధ్య గొంతు

జనవరి 9

"నీ గొంతు లేకుండా రికార్డు బయటికి రాదు బావా." ఇక్కడ కెనడాలో, హామిల్టన్‌లో స్టూడియో మెట్ల మీద, చేతిలో చెయ్యేసి మరీ అన్నాడు డేవిడ్. నా బావమరిది.

రికార్డు వచ్చింది. అట్ట మీద ముగ్గురం ఉన్నాం, ఒకే రకం టోపీలతో... డేవిడ్, వాడి చెల్లెలూ నా భార్యా అయిన మెర్సీ, నేను. లోపల నా గొంతు లేదు. నా వంతు కూడా వాడే పాడేశాడు. తన గొంతు మీద తన గొంతే.

ఇవాళ మంచు పడుతోంది, అందుకే గుర్తొచ్చిందని రాయబోయాను. అబద్ధం. రోజూ గుర్తొస్తుంది. నలభై ఏళ్లుగా.

జనవరి 11

ఏజాక్స్ నుంచి గ్రేస్ ఫోన్. డేవిడ్ కూతురు.

"మావయ్యా, డాడ్‌కి అస్సలు బాలేదు. హీ కీప్స్ ఆస్కింగ్ ఫర్ యూ."

వచ్చే ఆదివారం ఇంట్లో ప్రార్థన పెడుతోందట. నేను వెళ్లి వాడి పక్కన కూర్చుని మా పాట ఒకటి పాడాలట.

"మీ నాన్న ఇద్దరి వంతులూ ఒక్కడే పాడగలడు కదమ్మా" అన్నాను.

"ఓకే మావయ్యా" అని పెట్టేసింది.

బాగా అన్నాననుకున్నాను. సాయంత్రం దాకా అదే తల్చుకుంటూ కూర్చున్నాను. ఇంకెవరూ ఫోన్ చేయలేదు.

జనవరి 13

పాత కంట్రీ పాటల గురించి, అంటే ఇక్కడి పల్లెల గిటారు పాటల గురించి, ఎవడో ఇంటర్నెట్‌లో రాశాడు. మా గురించి నాలుగు లైన్లు. 'ఇండియన్ కౌబాయ్‌ల తమాషా బృందం' అట. తమాషా!

మేం నరసాపురం మిషన్ బడిలో డో-రే-మి అక్షరాల సాల్ఫా పట్టిక చూసి నాలుగు గొంతుల్లో కీర్తనలు నేర్చుకున్నవాళ్లం. ఇక్కడి పశువుల సంతల్లో, మాజీ సైనికుల క్లబ్బుల్లో పాడాం. మొదట టోపీలు చూసి నవ్వేవాళ్లు. రెండో పాటకి గ్లాసులు కింద పెట్టేవాళ్లు. ఒకే మైకు, ముగ్గురం దాని చుట్టూ. మెర్సీ పై స్థాయిలో, డేవిడ్ కింది స్థాయిలో, నేను మధ్యలో. ఎవరి గొంతు వాళ్లకి వినపడితే అర అడుగు వెనక్కి జరగాలి. అదొక్కటే మా నియమం. ఊపిరి కూడా కలిసి తీసేవాళ్లం.

కింది గొంతుని జనం ఇంటికి పాడుకుంటూ వెళ్తారు. పై గొంతుని మెచ్చుకుంటారు. మధ్య గొంతు ఉన్నట్టే తెలియదు. తీసేస్తే మాత్రం పాట బోలుగా మోగుతుందని నేను అందరికీ చెప్పేవాణ్ణి.

తీసేశారు. ఎవరికీ తెలియలేదు. రేడియోలో మూడు నెలలు వేశారు.

జనవరి 14

మైనస్ ఇరవై. బయటికి వెళ్లలేదు. పప్పన్నం. పుస్తకం తెరిచి అదే పేజీ నాలుగుసార్లు చదివాను.

జనవరి 16

గ్రేస్ స్వయంగా వచ్చింది, నార్త్ యార్క్‌లో మా ఇంటి దాకా, బస్సూ సబ్‌వే మారి. గోంగూర పచ్చడి, లాప్‌టాప్ తెచ్చింది. వాళ్ల బేస్‌మెంట్‌లో స్టూడియో టేపులు దొరికితే కంప్యూటర్‌లోకి ఎక్కించిందట.

"ఎవరి ట్రాక్ వాళ్లది సెపరేట్‌గా ఉంది మావయ్యా. మీ వాయిస్ కూడా. ముందు మీరే వినాలని డాడ్ అన్నాడు."

విన్నాను. నా గొంతు, ఒంటరిగా, ముప్పై ఏళ్ల వయసులో.

పల్లవి చివర నేను నిలిపి పాడాల్సిన స్వరం ఒకటి ఉంది. గీత గీసినట్టు నిలవాలి, దాని మీదే మిగతా ఇద్దరూ ఆనుకుంటారు. నేను దాన్ని ఊపుతున్నాను. కొంచెమే. నరసాపురం గుడిలో కీర్తన ఊపు. అక్కడ దాన్ని భక్తి అనేవాళ్లు.

పాట అయిపోయింది. మైకు ఆపలేదు. నేను సిగరెట్‌కి బయటికి వెళ్లినట్టున్నాను. తరవాత మెర్సీ మాటలు—

"అన్నయ్యా, ఆయన స్వరం నిలవట్లేదు. ఆ వంతు నువ్వే పాడెయ్."

"బావకి మాటిచ్చానే."

"నాకూ ఇవ్వు. నేనన్నానని ఆయనకెప్పుడూ చెప్పకు. ఒట్టు."

గ్రేస్ నా మొహం చూస్తోంది. "అత్తయ్య ఏమంటోంది? నాకంత ఫాస్ట్ తెలుగు రాదు."

"టీ తెప్పించమంటోంది" అన్నాను.

జనవరి 17

మళ్లీ విన్నాను. ఆరుసార్లు.

ఊగుతోంది. నిజమే.

రికార్డు వచ్చిన వారానికి నేను బృందం వదిలేశాను. నాతో పాటే మెర్సీ మానేసింది. ఆ తరవాత ఇంట్లో నాతో కలిసి ఒక్క పాట పాడలేదు. నాకు జరిగిన అవమానం చూసి పాటే వదిలేసిందని చర్చిలో అందరికీ చెప్పుకున్నాను, గర్వంగా. ఆమె పక్కనే నిలబడి వినేది. ఏమీ అనేది కాదు.

అడుగుదామంటే లేదు. పోయి మూడేళ్లు.

జనవరి 18

నేనే ఫోన్ చేశాను. డేవిడ్ గొంతు దారప్పోగులా ఉంది.

"విన్నావా బావా?"

"ఎందుకు చెప్పలేదురా?"

"ఒట్టు పెట్టింది కదా... అయినా నన్ను తిట్టుకుంటే నీకేం పోయింది? దాన్ని తిట్టుకుంటే ఇంట్లో నీతో ఎవరుంటారు?"

దగ్గు. చాలాసేపు దగ్గు.

"రేపు రా. ఊపుకుంటూనే పాడు. ఇప్పుడెవడు రికార్డు చేస్తాడు?"

నవ్వాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. చూస్తానన్నాను.

జనవరి 19, ఆదివారం

పదిన్నర. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. గ్రేస్ ఈసారి ఎవరిదో కారు అడిగి తెస్తానంది.

డేవిడ్‌ని క్షమించడానికేముంది, వాడు ఇద్దరికి మాటిచ్చి ఒకరి దగ్గర నిలబెట్టుకున్నాడు. కానీ నలభై ఏళ్ల కోపం ఒక్క టేపుతో చల్లారదు. వాడి మీద నుంచి లేచింది, ఎక్కడా వాలలేదు. గదిలోనే తిరుగుతోంది.

వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఒక్కరోజు అనలేకపోయిందా, 'మీ స్వరం ఊగుతోందండీ' అని? సరిచేసుకునేవాణ్ణి. నేర్చుకునేవాణ్ణి.

నేర్చుకునేవాణ్ణేనా?... తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది. నా మధ్య గొంతూ తీసేసింది, తన పై గొంతూ దాచుకుంది. అంత నిశ్శబ్దంలో ఇద్దరం భోంచేశాం, పడుకున్నాం, ముసలివాళ్లమయ్యాం.

గ్రేస్ ఫోన్. కిందికి వచ్చేసినట్టుంది. తియ్యలేదు. కోటు ఒళ్లో ఉంది.

నలభై ఏళ్లుగా రాస్తున్న ఈ నోటుబుక్కులన్నిట్లో డేవిడ్ పేరే రాశాను. తప్పు వాడిది కాదు. మెర్సీది.