ఆపెరా హౌస్ వెనక గోడ

టాలో క్రీక్, మోంటానా
4 అక్టోబరు 1971

తమ్సిన్ అక్కకు జాగో నమస్కారం. నేను కులాసా. ఆపెరా హౌస్ కూల్చేస్తున్నారని ఎవరో నీకు ఫోన్ చేశారట. కూల్చడం లేదు, నువ్వు కంటతడి పెట్టక్కర్లేదు.

మంగళవారం కౌన్సిల్ వాళ్లంతా వచ్చి వెనక సందులో నిలబడ్డారు. నాన్న కట్టిన గోడ ఒరిగిపోయిందని, భవనం తీసేసి కార్లు నిలిపే చోటు చేయాలని ఇంజనీరు చెప్పాడు. గోడ బాగానే ఉందన్నాను.

"కళ్లజోడు మార్చుకో మేస్త్రీ! ఇంత ఒరుగు కనబడటం లేదా?" అన్నాడు.

"కళ్లతో పనేముంది బాబూ, తూకపు గుండు వేలాడదీసి చూద్దాం" అని కప్పెక్కి, తాడుకు గుండు కట్టి వదిలాను. అరవై మూడేళ్ల గోడ వేలెడంత కూడా ఒరగలేదు. ఒరిగింది దానికి ఆనించి తర్వాతెవరో కట్టిన ఇటుకల కొట్టుగది. ఇంజనీరు తానే తాడు పట్టుకుని రెండుసార్లు చూసి తలూపాడు. మేయరమ్మ ఊరుకుంటుందా?

"కొట్టు తాగి తూలితే గోడను జైల్లో పెడతామా?" అంది. అందరూ ఒకటే నవ్వు. ఓటు మనకే పడింది. కొట్టు తీసేసి గోడ రాళ్ల మధ్య సందులు పూడ్చే పని నాకే ఇచ్చారు.

నాన్న సున్నం పాళ్లు నీ దగ్గరున్న అమ్మ వంటల పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి. సున్నానికి ఇసుక ఎంతో చూసి వెంటనే రాయి. సిమెంటు ఆ రాళ్లకు పడదు. నీ మోకాలు ఎలా ఉంది? ఆపిల్స్ అందాయి, సగం నలిగాయి.

బావను అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు. పని మానేసి వచ్చేయమని మీ ఇంట్లో నాకోసం సర్దిన గది ఎవరికైనా అద్దెకిచ్చుకోండి. నాకింకా పనిచేసే వయసు దాటలేదు.

నీ తమ్ముడు
జాగో